ఐసెట్ డేటా సఫిషియన్సీ: రెండూ కలిపితే వచ్చే లెక్కకి కీలో "ఒకటో స్టేట్‌మెంట్ చాలు" అని ఎందుకుంది?

మిర్యాలగూడ_బీకామ్

అందరికీ నమస్తే. బీకామ్ అయ్యాక ఇక్కడే ఒక రైస్‌మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను. రాత్రి అన్నం తిన్నాక ఐసెట్‌కి (ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే పరీక్ష) కూర్చుంటాను. ఎంసీఏ చెయ్యాలని ఉంది. శాతాలు, వడ్డీలు, లాభనష్టాలు నాకు పెద్ద సమస్య కాదు, రోజంతా బిల్లుల మధ్యే ఉంటాను కదా. టెన్షన్ అంతా అనలిటికల్ ఎబిలిటీ మొదట్లో వచ్చే డేటా సఫిషియన్సీతోనే. ఒక ప్రశ్న, రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చి, జవాబు తేలడానికి ఏది సరిపోతుందో చెప్పమంటారు: ఆప్షన్ 1 అంటే ఒకటోది చాలు, 2 అంటే రెండోది చాలు, 3 అంటే కలిపితేనే చాలు, 4 అంటే కలిపినా చాలవు. 20 ప్రశ్నలు, 20 మార్కులు. అందులో ఆల్‌జీబ్రా వస్తే మాత్రం నా జవాబుకీ గైడు వెనక ఉన్న కీకీ పొంతన కుదరడం లేదు.

మా కోచింగ్‌లో రెండు రూల్స్ రాయించారు. తెలియనివి ఎన్ని ఉంటే అన్ని సమీకరణాలు కావాలి అనేది మొదటిది. రెండు విలువలు వచ్చాయంటే ఆ స్టేట్‌మెంట్ సరిపోనట్టే అనేది రెండోది. వాటి ప్రకారం ఈ రెండు లెక్కలు చూడండి.

మొదటి లెక్క: ఒకామె 7 రూపాయల పెన్నులు కొన్ని, 11 రూపాయల నోట్‌బుక్కులు కొన్ని కొన్నది. పెన్నులు ఎన్ని?
ఒకటో స్టేట్‌మెంట్: మొత్తం బిల్లు 100 రూపాయలు.
రెండో స్టేట్‌మెంట్: పెన్నులు, నోట్‌బుక్కులు కలిపి 12.

ఇందులో తెలియనివి రెండు. రెండు సమీకరణాలూ కలిపి సాధిస్తే పెన్నులు 8, నోట్‌బుక్కులు 4 అని చక్కగా వస్తుంది. కాబట్టి ఆప్షన్ 3 పెట్టాను. కీలో 1 అని ఉంది.

రెండో లెక్క: ఎక్స్ విలువ 5 కన్నా ఎక్కువా?
ఒకటో స్టేట్‌మెంట్: ఎక్స్² = 9.
రెండో స్టేట్‌మెంట్: ఎక్స్ ధన సంఖ్య.

ఒకటో దాన్నుంచి 3 అయినా రావచ్చు, −3 అయినా రావచ్చు. రెండోది కలిపితేనే 3 అని తేలుతుంది. అంటే మళ్లీ ఆప్షన్ 3. కీలో మళ్లీ 1.

గైడు తప్పా, రూలు తప్పా? ఇంకో మాట. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. ప్రతిదాన్నీ మూడు రకాలుగా సాధించి చూసే టైమ్ ఎక్కడుంటుంది? ఎవరైనా ఓపిగ్గా చెప్తే రుణపడి ఉంటాను.

హన్మకొండ_కుర్రాడు

అక్కా, కీ కరెక్టే. సగం పెన్ను ఎవరూ కొనరు కదా. పెన్నులైనా నోట్‌బుక్కులైనా పూర్ణ సంఖ్యలే కావాలి. ఆ షరతు ప్రశ్నలో రాయకపోయినా ఉన్నట్టే. వస్తువుల లెక్క, మనుషుల లెక్క వస్తే ఒక్క సమీకరణమే చాలని గుర్తు పెట్టుకో, పని అయిపోతుంది. రెండో దానికి నాకూ సరిగ్గా తెలీదు, ఎవరైనా చెప్తే నేనూ చదువుకుంటా.

అరండల్‌పేట_లెక్కలు

తమ్ముడు సగం దాకా బాగా చెప్పాడు. పూర్ణ సంఖ్యలన్న మాట నిజం. కానీ "వస్తువుల లెక్కయితే ఒక్కటే చాలు" అని గుర్తు పెట్టుకుంటే పరీక్షలో ఇంకో చోట దెబ్బ తింటారు. ఒక రూలు వదిలించుకోవడానికి ఇంకో రూలు తగిలించుకోవద్దు.

నేను గుంటూరులో ఐసెట్ పిల్లలకి, బ్యాంకు పిల్లలకి లెక్కలు చెప్తాను. ఏ బ్యాచ్ వచ్చినా ఈ రెండు రూల్స్ జేబులో పెట్టుకునే వస్తుంది. వాటిని మానిపించడానికే మొదటి వారం సరిపోతుంది.

అమ్మా, ముందు ప్రశ్న ఏం అడుగుతోందో చూడండి. డేటా సఫిషియన్సీలో "జవాబు ఎంత" అని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. "జవాబు ఒక్కటేనా" అని అడుగుతున్నారు. మీరు 8, 4 అని తెచ్చేశారు. ఎందుకు? పరీక్ష పెట్టినవాడికి లేని దురద మనకెందుకు? మీరు చెయ్యాల్సింది స్టేట్‌మెంట్‌ని పడగొట్టడానికి ప్రయత్నించడం. అంటే ఆ స్టేట్‌మెంట్‌కి లోబడి, ప్రశ్నకి రెండు వేర్వేరు జవాబులిచ్చే రెండు సందర్భాలు వెతకాలి. దొరికాయా, అది సరిపోదు. దొరకవని గట్టిగా తేలిందా, సరిపోతుంది.

ఇప్పుడు పెన్నుల లెక్క. ఒకటో స్టేట్‌మెంట్ మాత్రమే పట్టుకోండి, రెండోదాన్ని చేత్తో మూసెయ్యండి. నిజంగానే మూసెయ్యండి, స్క్రీన్ మీదైనా సరే. కంటికి కనిపించినంతసేపు అది మొదటిదానిలోకి దూరిపోతుంది. 100లోంచి 11 చొప్పున తీస్తూ పోండి: 89, 78, 67, 56. వీటిలో 7తో భాగం పోయేది 56 ఒక్కటే. అంటే నోట్‌బుక్కులు 4, పెన్నులు 8. ఒక జత దొరికింది. ఇక్కడే చాలామంది మిగతా సంఖ్యలన్నీ వరసగా వేసి చూస్తారు. అక్కర్లేదు.

ఇంకో జత కావాలంటే బిల్లు మారకుండా వస్తువులు మారాలి కదా. 11 పెన్నులు వెనక్కిస్తే 77 రూపాయలు చేతికొస్తాయి, వాటికి సరిగ్గా 7 నోట్‌బుక్కులు వస్తాయి. ఈ ధరలతో ఇంతకన్నా చిన్న మార్పిడి కుదరదు, ఎందుకంటే 7కీ 11కీ ఉమ్మడి భాజకం ఏమీ లేదు. ఇప్పుడు మీ జత చూడండి. వెనక్కివ్వడానికి 11 పెన్నులు లేవు, 8 ఉన్నాయి. అటువైపు చూస్తే 7 నోట్‌బుక్కులు లేవు, 4 ఉన్నాయి. ఎటూ కదలదు. కాబట్టి ఒక్కటే జవాబు, ఒకటో స్టేట్‌మెంట్ చాలు. రెండోది చూద్దాం: మొత్తం 12 అంటే పెన్నులు 1 నుంచి 11 దాకా ఎన్నైనా కావచ్చు, సరిపోదు. ఆప్షన్ 1.

ఇదే లెక్కలో బిల్లు ఒక్కటి మార్చి 150 చెయ్యండి. 12 పెన్నులు, 6 నోట్‌బుక్కులు సరిపోతాయి: 84, 66, మొత్తం 150. ఇక్కడ 11 పెన్నులు వెనక్కివ్వచ్చు. అప్పుడు 1 పెన్ను, 13 నోట్‌బుక్కులు. 7, 143, మళ్లీ 150. రెండు జవాబులు. ఒకటో స్టేట్‌మెంట్ విడిగా చాలదు. అవే పెన్నులు, అవే నోట్‌బుక్కులు, జవాబు మాత్రం మారిపోయింది. హన్మకొండ తమ్ముడి రూలు ఇక్కడే కూలుతుంది. ధరలు 6, 9 అయితే ఇంకా దారుణం. 3 పెన్నులకి 2 నోట్‌బుక్కులు మారిపోతాయి కాబట్టి జతలు బోలెడు పుట్టుకొస్తాయి. ఉమ్మడి భాజకం ఉంటే ముందు దాన్ని కొట్టేసి, ఆ తర్వాతే మార్పిడి గురించి ఆలోచించండి.

ఇక మీ రెండో లెక్క. "ఎక్స్ 5 కన్నా ఎక్కువా" అనేది అవును, కాదు ప్రశ్న. ఎక్స్ ఎంతో తేలక్కర్లేదు. 3 అయితే జవాబు "కాదు". −3 అయినా "కాదు". విలువలు రెండు, జవాబు ఒకటి. ఖాయంగా "కాదు" అని చెప్పగలిగితే అది సరిపోయినట్టే. "కాదు" వచ్చింది కాబట్టి సరిపోదు అనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. జవాబు "కాదు" అవడం వేరు, జవాబు తేలకపోవడం వేరు. అదే ప్రశ్నని "ఎక్స్ 2 కన్నా ఎక్కువా" అని మార్చండి. 3 అయితే అవును, −3 అయితే కాదు. ఇప్పుడు ఒకటోది చాలదు. ఎక్స్² = 9 అన్నది ఏమీ మారలేదు. మారింది ప్రశ్న. అందుకే స్టేట్‌మెంట్ చదివే ముందు ప్రశ్నని రెండు సార్లు చదవమంటాను.

తెలియనివెన్నో అన్ని సమీకరణాలు అన్న రూలు ఇంకో వైపు నుంచి కూడా విరుగుతుంది. 3ఎక్స్ − 2వై = 8 ఒకటోది, 9ఎక్స్ = 24 + 6వై రెండోది అనుకోండి. ఎక్స్ ఎంత? చూడ్డానికి రెండు సమీకరణాలు. రెండోదాన్ని 3తో భాగించి అటూ ఇటూ సర్దండి, మొదటిదే వస్తుంది. ఉన్నది ఒక్కటే. ఆప్షన్ 4. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు కావాలనే ఒకదాన్ని తిరగేసి రాస్తారు, కంటికి తెలియకుండా. అలాగే 4ఎక్స్ + 6వై ఎంత అని అడిగి, ఒకటో స్టేట్‌మెంట్‌లో 2ఎక్స్ + 3వై = 7 ఇచ్చారనుకోండి. ఎక్స్, వై విడివిడిగా జన్మలో తేలవు. కానీ అడిగింది వాటిని కాదు. 14 అని తెలిసిపోయింది, ఒక్కటే చాలు.

వర్గ సమీకరణం కనిపించగానే "రెండు మూలాలు, సరిపోదు" అని టిక్కు పెట్టేసేవాళ్లకి ఒక మాట. ఎక్స్² − 6ఎక్స్ + 9 = 0 కి మూలం 3 ఒక్కటే. ఎక్స్² + 2ఎక్స్ − 15 = 0 కి 3, −5 వస్తాయి. కానీ ప్రశ్నలోనే "ఎక్స్ ఒక సహజ సంఖ్య" అని ముందే ఉంటే 3 ఒక్కటే మిగులుతుంది. ఆ చిన్న మాటని చదవకుండా దాటేస్తారు. ఎక్స్² = 5ఎక్స్ అని ఉంటే మాత్రం రెండువైపులా ఎక్స్ కొట్టెయ్యకండి. ఎక్స్ సున్నా కాదని ఎవరు చెప్పారు మీకు? అక్కడ 0, 5 రెండూ ఉన్నాయి. "ఎక్స్ సున్నా కాదు" అనేదే రెండో స్టేట్‌మెంట్‌గా వస్తుంది తరచూ. ముందే కొట్టేసినవాడు ఆప్షన్ 1 పెడతాడు, జవాబు 3.

టైమ్ సంగతి. ఐసెట్‌లో నాలుగే ఆప్షన్లు: ఒకటోది చాలు, రెండోది చాలు, కలిపితేనే చాలు, కలిపినా చాలవు. "ఏ ఒక్కటైనా చాలు" అన్న ఆప్షన్ లేదు. దీన్ని వాడుకోండి. ఒకటోది విడిగా సరిపోతుందని గట్టిగా తేలితే రెండోదాని జోలికి వెళ్లకుండా 1 పెట్టి ముందుకెళ్లిపోవచ్చు. తేలికైన స్టేట్‌మెంట్ ఏదో దాన్నే ముందు చూడండి, అది రెండోదైనా సరే. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. ఇంకొకటి, ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ర్యాంకు కోసం ముందు చూసేది అనలిటికల్ సెక్షన్ మార్కులనే. ఈ 20 మార్కులూ అందులోవే.

ఇది చేసి ఇక్కడే పెట్టండి చూద్దాం. సమోసా 15 రూపాయలు, టీ 12 రూపాయలు. ఒక గుంపు రెండూ తీసుకుంది. సమోసాలు ఎన్ని? ఒకటి: బిల్లు 111. రెండు: టీలు సమోసాల కన్నా ఎక్కువ.

కోరమంగళ_ఎనలిస్ట్

మాస్టారు చెప్పినదానికి ఒక జాగ్రత్త కలుపుతాను. నేను జీమ్యాట్ (మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష) రాశాను. మా తమ్ముడు బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాడు. ఒకే ఇంట్లో రెండు రకాల పుస్తకాలున్నాయి, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి వెళ్తే తల తిరుగుతుంది.

జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు. ఏ అంటే ఒకటోది చాలు, బీ అంటే రెండోది చాలు, సీ అంటే కలిపితేనే, డీ అంటే ఏది విడిగా తీసుకున్నా చాలు, ఈ అంటే కలిపినా చాలవు. బ్యాంకు పుస్తకాల్లో ఎక్కువగా మూడోదే "ఒకటోదైనా రెండోదైనా చాలు" అని ఉంటుంది, కలిపితేనే అన్నది చివరికి పోతుంది. కాబట్టి ఆప్షన్ల వరస బట్టీ పట్టకండి. ఆప్షన్ నంబర్లు కాకుండా రఫ్ షీట్‌లో "1 సరే, 2 లేదు" అని రాసుకుని, చివర్లో అక్కడున్న ఆప్షన్‌తో పోల్చుకోవడం మేలు. మిర్యాలగూడ గారూ, మీరు ఐసెట్ ఒక్కటే రాస్తుంటే ఐసెట్ పాత పేపర్ల మీదే ఉండండి. ఒకటోది చాలనగానే ఆగిపోవచ్చన్న మాస్టారి చిట్కా ఐసెట్‌కే పనికొస్తుంది. జీమ్యాట్‌లో, బ్యాంకు పరీక్షల్లో అలా ఆగితే మునిగిపోతారు, రెండోదాన్ని కూడా విడిగా చూసి తీరాలి.

ఉదాహరణకి ఎక్స్² + 1/ఎక్స్² ఎంత అని అడిగారు. ఒకటోది: ఎక్స్ + 1/ఎక్స్ = 3. వర్గం చేసి 2 తీసేస్తే 7. రెండోది: ఎక్స్ − 1/ఎక్స్ = √5. వర్గం చేసి 2 కలిపితే 5 + 2, అదీ 7. ఏది తీసుకున్నా చాలు, జీమ్యాట్‌లో డీ. ఈ లెక్కలో ఇంకో విషయం గమనించండి. రెండు దారుల్లోనూ ఒకే 7 వచ్చింది. సరిగ్గా తయారుచేసిన ప్రశ్నలో రెండు స్టేట్‌మెంట్లూ ఒకదాన్నొకటి కాదనవు. ఒకదాన్నుంచి 7, ఇంకోదాన్నుంచి 9 వచ్చిందంటే ఎక్కడో గుర్తు తారుమారైందన్నమాట. నాకు అది ఉచితంగా దొరికిన చెకింగ్‌లా పనికొచ్చింది.

జీమ్యాట్ వైపు చూసేవాళ్లుంటే చెప్తున్నాను. 2023 నవంబర్లో పరీక్ష రూపం మారాక డేటా సఫిషియన్సీని క్వాంట్‌లోంచి (లెక్కల సెక్షన్) తీసి డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్‌లో పెట్టారు. అందులో 45 నిమిషాలకి 20 ప్రశ్నలు, స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ కూడా ఉంటుంది. క్యాలిక్యులేటర్ ఉంది కదా అని వాడటం మొదలుపెడితే మాత్రం మాస్టారు తిట్టినట్టే, అడగని లెక్క చేస్తున్నట్టు.

మిర్యాలగూడ_బీకామ్

మాస్టారూ, మేడమ్, ఇద్దరికీ చాలా థాంక్స్. పెన్నులు వెనక్కిచ్చి నోట్‌బుక్కులు తెచ్చుకోవడం దగ్గర బల్బు వెలిగింది. మిల్లులో సరుకు తిరిగొస్తే క్రెడిట్ నోట్ రాసి వేరే సరుకు ఇస్తాం, అదే కదా ఇది!

సమోసాల లెక్క చేశాను. 15, 12, 111 మూడింటినీ 3తో భాగిస్తే 5, 4, 37. 37లోంచి 5 తీస్తే 32, అది 4తో పోతుంది. సమోసా 1, టీలు 8. ఇప్పుడు 5 టీలు వెనక్కిస్తే 4 సమోసాలు వస్తాయి. అంటే సమోసాలు 5, టీలు 3. మళ్లీ 5 టీలు ఇవ్వడానికి లేవు. కాబట్టి ఒకటోదానికి రెండు జతలు, చాలదు. రెండోది విడిగా ఏమీ చెప్పదు. రెండూ కలిపితే టీలు ఎక్కువున్న జత ఒక్కటే, సమోసా 1. జవాబు ఆప్షన్ 3. కరెక్టేనా?

నాకింకో చిక్కు ఉంది. అసమానతలు. ఎక్స్ > వై అవునా? ఒకటి: ఎక్స్² > వై². రెండు: ఎక్స్ + వై > 0. కీలో 3 ఉంది. ఎలాగో కళ్లకి కట్టట్లేదు. ఏ సంఖ్యలు వేసి చూడాలో తెలియక కూర్చుండిపోతున్నా.

ఫ్రిస్కో_రాత్రిపిట్ట

టెక్సాస్ నుంచి. నాది జీఆర్‌ఈ బ్యాచ్. మాకు డేటా సఫిషియన్సీ ఉండదు, క్వాంటిటేటివ్ కంపారిజన్ అని దాని చుట్టం ఒకటి ఉంటుంది. రెండు రాశులిస్తారు, ఏది పెద్దదో, లేదా రెండూ సమానమో చెప్పాలి, లేదా "చెప్పలేం" అనాలి. ఆ "చెప్పలేం" పట్టుకోవడానికి మేము వాడేది ఒకటే పట్టీ: 0, 1, −1, ½, పెద్ద ధన సంఖ్య, పెద్ద రుణ సంఖ్య. ఈ ఆరూ వేస్తే చాలా ప్రశ్నలు విరిగిపోతాయి. భిన్నం మర్చిపోకండి, ½ వర్గం చేస్తే ¼ అవుతుంది, అంటే వర్గం అసలు సంఖ్య కన్నా చిన్నది. మీ ప్రశ్నకీ ఇదే వేసి చూడండి. ఏ జత వేసినా విరగకపోతే సరిపోతుందని పెట్టెయ్యండి, 45 సెకన్లలో అంతకన్నా ఏం చేస్తాం.

అరండల్‌పేట_లెక్కలు

సమోసాలు కరెక్ట్. ముందే 3తో భాగించి మొదలుపెట్టడం నాకు బాగా నచ్చింది, నేను చెప్పకుండానే చేశారు.

ఫ్రిస్కో బాబు ఇచ్చిన పట్టీ మంచిదే, నేనూ పిల్లల చేత రాయిస్తాను. చివరి వాక్యం ఒక్కటే ఒప్పుకోను. సంఖ్యలు వేసి స్టేట్‌మెంట్‌ని పడగొట్టొచ్చు, నిలబెట్టలేం. ఆరు సంఖ్యలకి విరగలేదంటే ఏడోదానికి విరగదని ఏముంది? చాలదని తేల్చడానికి సంఖ్యలు, చాలుతుందని తేల్చడానికి కారణం. ఈ ప్రశ్నలో రెండూ కావాలి.

ఒకటోది: ఎక్స్ 3, వై 2 వెయ్యండి. 9 > 4, ఎక్స్ పెద్దది, అవును. ఎక్స్‌ని −3 చెయ్యండి, వై అలాగే 2. ఇప్పుడూ 9 > 4 నిజమే, కానీ −3 అనేది 2 కన్నా పెద్దది కాదు. విరిగింది. వర్గాలు కనిపిస్తే ఒక సంఖ్యకి గుర్తు మార్చి చూడటమే మొదటి దెబ్బ. రెండోది: 3, 2 వేస్తే అవును. 2, 3 అని తిరగేస్తే మొత్తం అదే 5, జవాబు కాదు. విరిగింది. మొత్తాలు, లబ్ధాలు కనిపిస్తే రెండింటినీ తారుమారు చెయ్యడం అలవాటు చేసుకోండి. ఏ సంఖ్యలు వెయ్యాలన్నారు కదా, స్టేట్‌మెంట్ రూపమే చెప్తుంది.

ఇక కలిపి చూస్తే కారణం కావాలి. ఎక్స్² − వై² > 0 అని రాసి విడగొట్టండి: (ఎక్స్ − వై)(ఎక్స్ + వై) > 0. రెండు సంఖ్యల లబ్ధం ధనాత్మకం అంటే రెండూ ధనం, లేదా రెండూ రుణం. రెండో స్టేట్‌మెంట్ ఎక్స్ + వై ధనం అంటోంది. కాబట్టి ఎక్స్ − వై కూడా ధనమే. అంటే ఎక్స్ > వై, ఖాయంగా అవును. ఆప్షన్ 3. ఇందులో ఏ సంఖ్యా వెయ్యలేదు చూడండి.

ఇదే ప్రశ్న ఒకటో స్టేట్‌మెంట్ ఉంచి రెండోదాన్ని మారుస్తూ పోతే ఒక కుటుంబం తయారవుతుంది. ఎక్స్ + వై < 0 అని ఇస్తే? ఎక్స్ − వై రుణం, జవాబు ఖాయంగా "కాదు". అదీ 3 ఆప్షనే. ఎక్స్ > 0 అని ఇస్తే? ఎక్స్² పెద్దది, ఎక్స్ ధనం, అంటే వై ధనమైనా రుణమైనా ఎక్స్‌ని దాటలేదు. మళ్లీ 3. వై > 0 అని ఇస్తే మాత్రం ఎక్స్ 3 కావచ్చు, −3 కావచ్చు, వై 2. తేలదు, ఆప్షన్ 4. వై < 0 అంటే కూడా అంతే: వై −2, ఎక్స్ 3 అయితే అవును, ఎక్స్ −3 అయితే కాదు. ఏ సంఖ్య గుర్తు తెలియాలో అది కాకుండా ఇంకోదాని గుర్తు చెప్పి మభ్యపెడతారు. అది మీరు పట్టుకున్నారంటే అసమానతల్లో సగం పని అయినట్టే.

ఒకటి ఎక్స్² > వై², రెండు ఎక్స్³ > వై³ అని ఇస్తే ఏమవుతుందో రేపు చేసి పెట్టండి. ఘనం చేస్తే గుర్తు పోదు, అంతవరకే చెప్తాను.

మిర్యాలగూడ_బీకామ్

రేపటిదాకా ఎందుకు మాస్టారూ, ఇప్పుడే చేశాను. ఘనం గుర్తుని దాచదు కాబట్టి ఎక్స్³ > వై³ అయితే ఎక్స్ > వై అయి తీరాలి, ధనమైనా రుణమైనా. 2, −3 వేసినా, −2, −3 వేసినా అలాగే ఉంది, కానీ దాన్ని నమ్మి పెట్టట్లేదు, కారణం రాశాను. రెండోది ఒక్కటే చాలు. ఒకటోది −3, 2 తో ముందే విరిగింది. ఆప్షన్ 2.

అరండల్‌పేట_లెక్కలు

2. సరే. ఇక పాత పేపర్లు తియ్యండి.